దీవిలో హత్య, ఊలు అల్లే ముసలమ్మ

డిటెక్టివ్ నవల అనగానే మన క్లాసులో సగం మంది ముఖాలు వెలిగిపోతాయి, మిగతా సగం "అదీ సాహిత్యమేనా?" అన్నట్టు ముడుచుకుంటాయి. సాహిత్య చరిత్ర పుస్తకాల్లో కూడా అంతే. భావకవిత్వానికి ఒక అధ్యాయం, అభ్యుదయ కవిత్వానికి ఒక అధ్యాయం, అపరాధ పరిశోధన నవలకు మాత్రం ఒక పేరా. అందుకే ఈసారి గోడపత్రికకు ఆ పేరా గురించే రాద్దామనుకున్నాను. అందులోనూ మనం తక్కువగా మాట్లాడుకునే ఒక శాఖ గురించి. ఇంగ్లీషులో దాన్ని కోజీ మిస్టరీ అంటారు.

కోజీ మిస్టరీ అంటే ఏమిటి?

చలికాలంలో దుప్పటి కప్పుకుని, చేతిలో కాఫీ గ్లాసు పట్టుకుని చదువుకునే హత్యకథ అని చెప్పుకోవచ్చు. తెలుగులో "ఇంటిపట్టు మిస్టరీ" అంటే సరిపోతుందేమో. దీనికి కొన్ని లక్షణాలు ఉన్నాయి.

1. హత్య జరుగుతుంది గానీ రక్తం కళ్ళ ముందు పారదు. శవం గురించి వర్ణన రెండు మూడు వాక్యాల్లో ముగుస్తుంది.
2. నేరం కనిపెట్టేది పోలీసు కాదు, తుపాకీ ఉన్న గూఢచారి కాదు. మామూలు మనిషి. చాలాసార్లు ఆడమనిషి, వయసు మళ్ళిన మనిషి.
3. చోటు చిన్నది. ఒక ఊరు, ఒక హోటలు, ఒక దీవి. అందరికీ అందరూ తెలుసు, లేదా తెలుసని అనుకుంటారు.
4. పాఠకురాలికి కూడా అన్ని ఆధారాలూ ముందే ఇస్తారు. చివర్లో కొత్తగా ఒక కవల సోదరుణ్ణి తీసుకొస్తే అది మోసం.
5. చివరికి నిజం బయటపడి ఊరు మళ్ళీ తన పనిలో పడుతుంది.

ఈ అయిదింటిలో నాలుగోది ముఖ్యమని నాకనిపిస్తుంది. మనకూ రచయిత్రికీ మధ్య ఒక ఒప్పందం అది. "నీ ముందే పెడతాను, చేతనైతే చూసుకో" అంటుంది ఆమె.

దీవి ఎందుకు?

ఈ రకం నవలల్లో దీవి మళ్ళీ మళ్ళీ వస్తుంది. కారణం తేలికే. దీవిలో మనుషుల సంఖ్య లెక్కకు అందుతుంది. బయటినుంచి దొంగ ఎవరో వచ్చి చంపి పారిపోయాడని చెప్పడానికి వీలుండదు. పడవ ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో అందరికీ తెలుసు. కాబట్టి హంతకుడు మన మధ్యలోనే ఉన్నాడు, మనతోనే టిఫిన్ తింటున్నాడు. అగాథా క్రిస్టీ 1939లో రాసిన నవలలో పదిమందిని ఒక దీవికి రప్పించి, ఒక్కొక్కరినే తగ్గించుకుంటూ పోయింది. అది హాయిగా చదివే నవల కాదు, భయపెట్టే నవల. అదే క్రిస్టీ 1964లో ఎండ, కొబ్బరిచెట్లు, సముద్రం ఉన్న దీవిలో ఇంకో హత్యకథ పెట్టింది. దాని పేరు "ఎ కరిబియన్ మిస్టరీ". మన పాఠానికి అది సరిగ్గా సరిపోతుంది.

కథ (హంతకుడి పేరు చెప్పను, భయపడకండి)

మిస్ మార్పుల్ ఇంగ్లండులో ఒక పల్లెలో ఉండే పెళ్ళికాని ముసలామె. 1930లో వచ్చిన నవల నుంచి పాఠకులకు ఆమె తెలుసు. నిమోనియా వచ్చి తగ్గాక, రచయిత అయిన మేనల్లుడు ఆమెను విశ్రాంతి కోసం కరిబియన్ సముద్రంలోని సెయింట్ ఆనొరే అనే దీవికి పంపిస్తాడు. అది కల్పిత దీవి. అక్కడ గోల్డెన్ పామ్ అనే హోటలు. రోజూ అదే ఎండ, అదే సముద్రం. ఆమెకు విసుగు పుడుతుంది. ఊలు అల్లుకుంటూ, మేజర్ పాల్‌గ్రేవ్ అనే ముసలాయన చెప్పే పాత కథలకు సగం చెవితో ఊ కొడుతూ ఉంటుంది.

ఒకరోజు మేజర్, శిక్ష పడకుండా తప్పించుకున్న ఒక హంతకుడి కథ చెప్పి, "ఫోటో చూస్తారా?" అని పర్సు తీస్తాడు. అంతలో ఆమె కుడి భుజం మీదుగా అటు చూసి, గబుక్కున ఫోటో లోపల పెట్టేసి, గొంతు పెంచి వేరే మాట ఎత్తుకుంటాడు. మర్నాడు పొద్దున ఆయన చనిపోయి ఉంటాడు. గదిలో రక్తపోటు మాత్రల సీసా ఉంది. "పాపం, బీపీ ఉండేదట" అని అందరూ అనుకుంటారు. ఫోటో మాత్రం కనబడదు.

ఆధారాలు దాచే మూడు పద్ధతులు

ఇక్కడినుంచి క్రిస్టీ ఏం చేసిందో గమనిద్దాం. మనలో ఎవరైనా కథ రాయాలనుకుంటే పనికొస్తుంది.

మొదటిది, నవ్వులో దాచడం. మేజర్‌ను పరిచయం చేసేటప్పుడే ఆయనకు ఒక కన్ను గాజుకన్ను అని రచయిత్రి చెప్పేస్తుంది. కానీ ఎలా? ఆయన ఎర్రబడ్డ ముఖాన్ని, మొత్తం ఆకారాన్ని వేళాకోళం చేసే ఒక వర్ణనలో కలిపి. మనం నవ్వుకుని ముందుకు పోతాం. తర్వాత "ఆయన కుడి భుజం మీదుగా చూశాడు" అన్నప్పుడు, అటునుంచి నడిచి వస్తున్న రెండు జంటల మీద అనుమానం పెట్టుకుంటాం. గాజుకన్ను ఎటు తిరిగి ఉన్నా చూడలేదు కదా! మరి చూసిన కన్ను ఏది, అది ఎటు చూసింది? ఈ ప్రశ్న వేసుకోవడానికి మిస్ మార్పుల్‌కే దాదాపు నవలంతా పట్టింది. మనకు పట్టడంలో వింత లేదు.

రెండోది, వదంతిలో దాచడం. మేజర్‌కు బీపీ ఉందని హోటల్లో అందరికీ తెలుసు. సరే, ఆయన నోటితో ఎవరికి చెప్పాడు? ఒకరిని అడిగితే ఇంకొకరు చెప్పారంటారు, వాళ్ళనడిగితే మరొకరు. చివరికి మొదలు ఎక్కడా దొరకదు. అంటే ఎవరో కావాలని గాలిలోకి వదిలిన మాట అది. మన హాస్టల్లో "రేపు సెలవంట" అన్న మాట ఎలా పుడుతుందో గుర్తుచేసుకోండి. పది మంది చెప్పినంత మాత్రాన పది సాక్ష్యాలు కావు. ఒకే మాట పది నోళ్ళలో తిరిగింది, అంతే.

మూడోది, పనిమనిషి మాటలో దాచడం. ఇది నాకు మొదట పెద్దగా తట్టలేదు. దీని దగ్గరికి మళ్ళీ వస్తాను.

మన దగ్గర ఉన్నదేమిటి?

తెలుగులో డిటెక్టివ్ అంటే పెద్దవాళ్ళకు వెంటనే గుర్తొచ్చేది కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన యుగంధర్, ఆయన అసిస్టెంట్ రాజు. అద్దె లైబ్రరీల్లో రోజుకింత అని కట్టి ఆ పుస్తకాలు తెచ్చుకునేవాళ్ళట. తర్వాత మధుబాబు షాడో వచ్చాడు. అతను గూఢచారి, దేశాలు తిరుగుతాడు, కొట్లాటలు ఎక్కువ. మల్లాది వెంకట కృష్ణమూర్తి నవల "చంటబ్బాయ్"లో డిటెక్టివ్ మనల్ని నవ్విస్తాడు. 1986లో జంధ్యాల దాన్ని చిరంజీవితో సినిమా తీశారు. 2019లో వచ్చిన "ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ"లో నెల్లూరు కుర్రాడు డిటెక్టివ్. ఈ చివరి రెండూ కోజీకి కొంచెం దగ్గరగా ఉంటాయి.

జాబితా చూశారు కదా. ఇంతమందిలో ముసలమ్మ ఏది? అసలు ఆడది ఏది?

మన జానపద కథల్లో మాత్రం ఆమె ఉంది. పేదరాశి పెద్దమ్మ. కొత్త ఊరికి వచ్చిన రాజకుమారుడు ఎవరింట్లో దిగుతాడు? ఆమె ఇంట్లోనే. రాజుగారి కూతురికి ఏమైంది, ఊళ్ళో వంతులవారీగా మనుషులు ఎందుకు మాయమవుతున్నారు, ఎవరు ఎవరి మీద పగబట్టారు, అన్నీ ఆమెకే తెలుసు. అన్నం పెడుతూ చెప్పేస్తుంది. కానీ కథ ఆమెను అక్కడే వదిలేసి రాజకుమారుడి వెంట పోతుంది. తెలిసినది ఆమెకు, పేరొచ్చేది అతనికి.

ఇంకొకరు కూడా ఉన్నారు. మనందరం చదివిన "కన్యాశుల్కం"లో.

కన్యాశుల్కాన్ని మిస్టరీగా చదివితే

గురజాడ నాటకం 1897లో అచ్చయింది. మనం చదివే పెద్ద రూపం 1909 నాటిది. అందులో ఒక కూనీ కేసు ఉందని మనం పరీక్షకు చదివేటప్పుడు అంతగా పట్టించుకోం. లుబ్ధావధాన్లు డబ్బిచ్చి కొనుక్కున్న పెళ్ళికూతురు మాయమైపోతుంది. ముసలాయనే చంపేశాడని కేసు. ఊరంతా నమ్ముతుంది. అసలు నిజం ఏమిటంటే పెళ్ళికూతురే లేదు. కరటకశాస్త్రి తన శిష్యుడు మహేశానికి చీర కట్టి పెళ్ళి చేశాడు. వాడు చీర విప్పేసి వెళ్ళిపోయాడు. చచ్చినవాళ్ళు లేని హత్య! ఇంత చక్కటి చిక్కుముడి ఏ డిటెక్టివ్ నవలకైనా గర్వకారణమే.

చోటు కూడా చూడండి. అగ్రహారం. చుట్టూ నీళ్ళు లేకపోయినా దీవే. ఎవరింట్లో ఏ కూర వండారో పక్కింటికి తెలుసు, అయినా పెళ్ళికూతురు మగపిల్లాడని ఒక్కరికీ తెలియదు.

ఈ ముడి విప్పేది మధురవాణి. ఒప్పుకోవాలి, ఆమె మిస్ మార్పుల్‌లాగా ఆధారాలు కూర్చి కనిపెట్టలేదు. ఆ నాటకంలో ఆమెకూ చెయ్యి ఉంది కాబట్టి ముందే తెలుసు. ఆమె డిటెక్టివ్ కంటే సాక్షి అనాలి. అయితే సాక్షి కష్టం వేరు. తెలిసిన నిజాన్ని వకీలు సౌజన్యారావు పంతులుకు చెప్పాలి. ఆయన వేశ్యల ముఖం చూడని నియమం ఉన్న పెద్దమనిషి. అందుకని ఆమె మగవేషం వేసుకుని వెళ్తుంది. నిజం చెప్పడానికి మారువేషం కావలసి వచ్చింది.

ఇది గుర్తుపెట్టుకుని మళ్ళీ దీవికి వెళ్దాం. మిస్ మార్పుల్ కూడా నేరుగా వెళ్ళి "ఆ ఫోటోలో హంతకుడు ఉన్నాడు" అని డాక్టర్‌తో చెప్పలేదు. ముసలామె ఊహలు అని నవ్వుతారని ఆమెకు తెలుసు. "మేజర్‌కు నా మేనల్లుడి ఫోటో ఒకటి చూడమని ఇచ్చాను, అది తెచ్చిపెడతారా?" అని వణుకుతున్న గొంతుతో అబద్ధం ఆడింది. ముసలితనాన్నే వేషంగా వేసుకుంది. ఒకామె మగవేషంతో, ఒకామె అమాయకపు ముసలామె వేషంతో. ఇద్దరికీ నిజం తెలుసు, ఇద్దరికీ నేరుగా చెప్పే వీలు లేదు.

మా చిన్నమ్మ అడిగిన ప్రశ్న

ఈ వ్యాసం ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. రాత్రి వంటగదిలో మా చిన్నమ్మకు కథ చెప్పాను. మేము కాటన్‌పేటలోనే ఉంటాం. చిన్నమ్మ మెజెస్టిక్ వైపు ఒక లాడ్జిలో గదులు తుడిచే పని చేస్తుంది. చపాతీలు ఒత్తుతూ వింటోంది. మేజర్ పోయాడు, మాత్రల సీసా దొరికింది, ముసలామెకు అనుమానం వచ్చింది అని చెప్పుకుంటూ పోతున్నాను. విక్టోరియా అనే పనమ్మాయి గది తుడిచేటప్పుడు ఆ సీసా ముందు అక్కడ లేదని గమనించిందని ఒక్క వాక్యంలో చెప్పి, ముసలామె దగ్గరికి పోబోయాను.

చిన్నమ్మ చెయ్యి ఆపింది. "ఉండు మే. ఆ పిల్ల ఎవురికి చెప్పింది?"

"హోటల్ వాళ్ళకి చెప్పింది చిన్నమ్మా."

"వాళ్ళేమన్నారు?"

పెద్దగా పట్టించుకోలేదని చెప్పాను. తర్వాత ఆ అమ్మాయిని కత్తితో పొడిచి చంపేశారని చెప్పాను. చిన్నమ్మ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "సీసా సంగతి ఆ పిల్లకు కాక ఇంకెవురికి తెలుస్తాది? దినామూ ఆ బల్ల తుడిచేది ఆ పిల్లే కదా. ముసలామె చెప్తే కథ నడిచింది. ఈ పిల్ల చెప్తే పానం పోయింది" అంది.

తన సంగతి కూడా చెప్పింది. ఒకసారి ఒక గదిలో ఆయన ఉంగరం పోయిందని గోల చేశాడట. మొదట పిలిచింది చిన్నమ్మనే. కొంగు దులపమన్నారు. "రాత్రి సోపు పెట్టె పక్కన పెట్టుకున్యాడు సారూ, జాలీ కింద చూడండి" అని ఆమె మూడుసార్లు చెప్పిందట. ఆమె కళ్ళతో చూసింది. ఎవరూ చూడలేదు. మధ్యాహ్నం ప్లంబరు వచ్చి జాలీ ఎత్తితే దొరికింది. "ప్లంబరు శానా తెలివైనోడు" అన్నారంట మేనేజరు. చిన్నమ్మ ఇది నవ్వుతూనే చెప్పింది. నాకు నవ్వు రాలేదు.

ఆ రాత్రి నవలలో విక్టోరియా ఉన్న పేజీలు మళ్ళీ చదివాను. ఆమె ఆ దీవి మనిషి. హోటల్లో సేదతీరుతున్న వాళ్ళంతా బయటివాళ్ళు. వాళ్ళకు దీవి అంటే ఎండ, ఇసుక, విశ్రాంతి. ఆమెకు అది పనిచేసే చోటు. ఆమె చూసిందే ఈ కథలో మొదటి గట్టి ఆధారం. ఆమె మాట లేకపోతే మేజర్ చావు బీపీ చావుగానే మిగిలిపోయేది. అయినా ఆమెకు నవలలో దక్కిన చోటు కొంచెమే. ఆమె చావు తర్వాత హోటల్లో భోజనాలు మళ్ళీ మొదలవుతాయి. లక్షణాల జాబితాలో నేను అయిదోది రాశాను కదా, "ఊరు మళ్ళీ తన పనిలో పడుతుంది" అని. ఎవరి ఊరు అని అప్పుడు అడుగుకోలేదు.

ఇది మనకు దూరపు విషయం కూడా కాదు. 1838 నుంచి 1917 దాకా కరిబియన్ చెరకు తోటలకు మన దేశంనుంచి ఒప్పంద కూలీలను తీసుకెళ్ళారు. మద్రాసు రేవు నుంచి వెళ్ళిన వాళ్ళలో తెలుగువాళ్ళూ ఉన్నారు. మారిషస్‌కు, 1903 తర్వాత ఫిజీకి కూడా అలాగే వెళ్ళారు. అంటే ఉష్ణమండల దీవి కథల్లో ఫ్యాను కింద కూర్చున్న అతిథి స్థానంలో కాకుండా, గది తుడిచే మనిషి స్థానంలో, తోటలో చెరకు కొట్టే మనిషి స్థానంలో మనవాళ్ళు ఉన్నారు. ఆ మనిషి చూసిన కథ ఏమిటి?

క్రిస్టీని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. ఆధారాన్ని పనమ్మాయి చేతిలో పెట్టింది ఆమే. గమనించే తెలివి ఎవరికి ఉంటుందో ఆమెకు బాగా తెలుసు. నేనే మొదటిసారి చదివినప్పుడు ఆ అమ్మాయిని ఒక్క వాక్యంలో దాటేశాను. అంటే ఆ హోటల్ వాళ్ళు చేసిన పనే నేనూ చేశాను. మూడో పద్ధతి "పనిమనిషి మాటలో దాచడం" అన్నాను కదా, అది ఎందుకు పనిచేస్తుందంటే, పనిమనిషి మాటను మనం వినం గనక.

మనం రాస్తే

తెలుగులో దీవికి చక్కటి మాట ఉంది, లంక. గోదావరి ధవళేశ్వరం దాటి పాయలుగా చీలాక కోనసీమలో ఎన్ని లంక గ్రామాలో! కొబ్బరిచెట్లు ఉన్నాయి, అరటితోటలు ఉన్నాయి, రేవు ఉంది, పడవ ఉంది. వరద వస్తే దారులు మునిగిపోయి నాలుగు రోజులు ఊరు ఊరే మిగులుతుంది. కోజీ మిస్టరీకి కావలసినవన్నీ అక్కడే ఉన్నాయి. మధురవాణి తెలివి, పేదరాశి పెద్దమ్మ చెవులు ఉన్న ఒక ఆడమనిషిని ఆ లంకలో పెడితే చాలు. నన్నడిగితే ఆమె నాలుగిళ్ళలో అంట్లు తోముతుంది. ఏ ఇంట్లో నిన్న ఎన్ని గ్లాసులు ఎంగిలి అయ్యాయో ఆమెకు తెలుసు. అయితే ఒక షరతు. ఆమె మారువేషం వేయకుండా, అబద్ధం ఆడకుండా, ఉన్నది ఉన్నట్టు చెప్పాలి, వినే మనిషి ఒకరు ఉండాలి. ఆ వినే మనిషిని నమ్మేలా రాయడమే కష్టం.

సాధన

1. మీకు నచ్చిన ఒక మిస్టరీ కథ గానీ సినిమా గానీ తీసుకోండి. అందులో మొదటి నిజమైన ఆధారాన్ని ఎవరు గమనించారు? ఆ మనిషికి పేరు ఉందా?
2. "కన్యాశుల్కం"లో కూనీ కేసు నడిచినంత సేపూ మహేశం నిజం ఎవరెవరికి తెలుసు, ఎవరు ఎందుకు మౌనంగా ఉన్నారు? ఒక పట్టిక వేయండి.
3. ఒక గాజుకన్నును నవ్వించే వర్ణనలో దాచినట్టు, ఒక ముఖ్యమైన ఆధారాన్ని దాచుతూ అయిదు వాక్యాల వర్ణన రాయండి. పక్కనున్న స్నేహితురాలు పట్టుకుంటుందేమో చూడండి.
4. మీ ఇంట్లో గానీ హాస్టల్లో గానీ పనిచేసే ఒకరిని, వాళ్ళు గమనించిన ఒక విషయం చెప్పమని అడగండి. మధ్యలో ఆపకుండా వినండి. విన్నది రాసి తెస్తే వచ్చే గోడపత్రికలో అంటిద్దాం.

నాలుగోది మా చిన్నమ్మతో నేను మొదలుపెట్టాను. రెండు పేజీలు అయింది. ఇంకా ఉంగరం దగ్గరే ఉన్నాం.